వాలుగ దవడ నాలుగో పేజీలో ఉండిపోయింది

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది రాజాం దగ్గర పల్లెటూరు. ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. మూడేళ్లుగా కథలూ వ్యాసాలూ రాసి పత్రికలకు పంపుతున్నాను. నలభైకి పైగా పంపితే మూడు అచ్చయ్యాయి. ఒక్కదానికే పారితోషికం వచ్చింది. ఆ చెక్కు కూడా నా కలం పేరు మీద ఉండడంతో బ్యాంకువాళ్లు తీసుకోలేదు. మా వైపు నుంచి వెళ్లినవాటిని పత్రికలవారు అసలు చదువుతారా? ఒకే రచనను రెండు మూడు చోట్లకు పంపితే తప్పా? మా ఊరి మాట రాస్తే అచ్చు వేయరని స్నేహితులు అంటున్నారు, నిజమేనా? ఉద్యోగం మానేసి రచనల మీదే బతకాలని ఉంది. పొందూరు ఖాదీ మీద రాసిన వ్యాసాన్ని, ఒక కథను జత చేస్తున్నాను. నాలుగు పత్రికల నుంచీ ఆ వ్యాసానికి జవాబు రాలేదు. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని మూత్రపిండాల వ్యాధి గురించి కూడా కథగానో వ్యాసంగానో రాయాలని ఉంది.
— పేరు అచ్చు వేయవద్దని కోరిన పాఠకురాలు, విజయనగరం జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం కంటే ముందు మీ వ్యాసం చదివాను. ఒకసారి మామూలుగా చదివి, రెండోసారి పెన్సిలు చేతిలో పట్టుకుని చదివాను. మీరు అడిగినవాటిలో సగానికి జవాబు ఆ వ్యాసంలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

తొమ్మిది పేజీల మీ వ్యాసం స్వాతంత్ర్య సమరంలో ఖాదీకి ఉన్న స్థానంతో మొదలయింది. రెండో పేజీ అంతా గాంధీజీ గురించి, మూడో పేజీ అంతా చేనేత మన సంస్కృతికి ప్రతీక అన్న మాట గురించి నడిచింది. వీటిలో తప్పేమీ లేదు. అయితే వీటిని రాయడానికి ఎవరూ పొందూరు వెళ్లనక్కరలేదు. ఎక్కడో కూర్చున్నవారు కూడా రాయగలరు, ఇదివరకే ఎన్నోసార్లు రాశారు కూడా. నాలుగో పేజీ చివర మాత్రం ఒక వాక్యం ఉంది. మీ మేనత్తగారి అత్తగారు, పత్తిని శుభ్రం చేసే వాలుగ చేప దవడ పళ్లు అరిగిపోతే, దాన్ని పారవేయడానికి మనసొప్పక పాత గుడ్డలో చుట్టి చూరులో దోపి ఉంచేవారని రాశారు. నా పెన్సిలు అక్కడ ఆగింది. అది మీరు మాత్రమే రాయగలిగిన వాక్యం. దాని ముందు దాదాపు నాలుగు పేజీలు ఉండడం వల్ల, అక్కడిదాకా చదివే ఓపిక ఏ సంపాదకుడికీ మిగలలేదు. మీ వ్యాసంలోని పెద్ద లోపం ఇదే.

వ్యాసం ఆ చూరు దగ్గర మొదలు కావాలి. ఆ దవడ ఏమిటో, దానితో ఏం చేస్తారో వెంటనే చెప్పాలి. గింజతో ఉన్న పత్తిని ఆ సన్నని పళ్ల మీదుగా లాగితే నలకలు రాలి పోగులు ఒక వరుసకు వస్తాయన్న సంగతి మన జిల్లాల్లో అందరికీ తెలిసినదే అనుకుని మీరు దాటవేశారు. కడపలోనో ఖమ్మంలోనో ఆదివారం అనుబంధం చదివే మనిషికి అది ఆశ్చర్యం. తరువాత మీరు మళ్లీ పొందూరు వెళ్లి కొన్ని సంగతులు అడగాలి. ఆ దవడలు ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాటిని తెచ్చి అమ్మేవారు ఎవరు? ఒక్కొక్కటి ఎంతకు కొంటున్నారు? ఎన్నాళ్లు పనిచేస్తుంది? కొత్త దవడను వాడకానికి ఎలా సిద్ధం చేస్తారు? చిలపకు, అంటే ఒక నూలు చుట్టకు, ఎంత కూలి గిడుతుంది, రోజంతా కూర్చుంటే ఎన్ని చిలపలు అవుతాయి? ఆ ఇంట్లో ఆడపిల్లలు ఆ పని నేర్చుకున్నారా, మానేశారా? మీ తొమ్మిది పేజీల్లో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మేనత్తగారి ఇల్లు అక్కడే ఉందని మీరే రాశారు కనుక, ఈ ప్రశ్నలకు జవాబు తెచ్చుకోవడానికి మీకున్నంత వీలు హైదరాబాదులో ఉన్న ఏ రచయితకూ లేదు.

అంకెల విషయం ఇంకొంచెం వివరంగా చెబుతాను. పొందూరులో వంద కౌంటు నూలు వడుకుతారని రాసి మీరు ముందుకు వెళ్లిపోయారు. పాఠకుడికి ఆ వంద ఏమీ చెప్పదు. నూలు సన్నదనాన్ని కొలిచే ఇంగ్లిషు కౌంటు పద్ధతిలో, 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో ఆ సంఖ్యే కౌంటు. అంటే ఆ లెక్కన వంద కౌంటు నూలు ఒక్క పౌనులో 84,000 గజాలు ఉంటుంది. దగ్గర దగ్గర 77 కిలోమీటర్లు. అరకిలోకు కూడా తూగని నూలును పరుచుకుంటూ పోతే శ్రీకాకుళం నుంచి విజయనగరం చేరినా ఇంకా మిగులుతుంది. ఈ వాక్యం చదివిన మనిషి తన చొక్కా అంచును ఒకసారి పట్టుకుని చూసుకుంటాడు. అయితే ఒక జాగ్రత్త ఉంది. మెట్రిక్ కౌంటు అని మరో పద్ధతి ఉంది. అందులో కిలో నూలు ఎన్ని కిలోమీటర్ల పొడవు ఉంటుందన్నదే లెక్క కాబట్టి, వంద కౌంటు కిలో నూలు వంద కిలోమీటర్లే అవుతుంది. పొందూరులో మీకు చెప్పిన వంద ఏ పద్ధతిలోదో ఖాదీ కేంద్రంలో అడిగి, వారి జవాబును తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకున్న తరువాతనే ఆ వాక్యం రాయండి. అడగకుండా రాస్తే, నేత తెలిసిన ఒక్క పాఠకుడు సంపాదకుడికి ఉత్తరం రాసిన రోజు మీ మాట మీద నమ్మకం పోతుంది. మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇక, మన వైపు నుంచి వెళ్లినవాటిని చదువుతారా అన్న మీ ప్రశ్న. చదువుతారు. కాని మీరు ఊహించినట్టు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవరు. ఒక వారపత్రికలోనో ఆదివారం అనుబంధంలోనో ఇద్దరు ముగ్గురు ఉపసంపాదకులే వచ్చినవన్నీ చూడడం, దిద్దడం, పేజీలు పెట్టించడం చేస్తారు. వారు మొదటి పేరా చదివి, ఇది మా పాఠకుడికి కొత్తదా, ఇప్పుడే ఎందుకు వేయాలి, ఈ మనిషికి సంగతి తెలుసా అని చూసుకుంటారు. ఊరి పేరు చూసి పక్కన పెట్టేవారు ఎక్కడో ఉంటే ఉండవచ్చు. నా అనుభవంలో మాత్రం, మారుమూల నుంచి వచ్చిన సరైన రచన దొరికితే వారు పండగ చేసుకుంటారు. ఎందుకంటే నగరంలో కూర్చున్న నలుగురు రచయితలూ ఒకే విషయం మీద రాసి పంపిన వ్యాసాలు అప్పటికే వారి బల్ల మీద ఉంటాయి.

ఇప్పుడే ఎందుకు అన్న ప్రశ్నను రచయితలు ఎక్కువగా మరిచిపోతారు. ఉదాహరణకు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. ఆ వారమంతా విలేఖరులు వచ్చారు, ఫొటోలు తీశారు, వెళ్లిపోయారు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంటే తుపాను తరువాత నాటిన మొక్కలు ఈ మధ్యనే గెలలు వేయడం మొదలుపెట్టి ఉండాలి. నాటిన రైతు ఈ ఆరేడేళ్లు ఏం తిన్నాడు, ఎక్కడికి వలస వెళ్లాడు, తిరిగి వచ్చాడా? తుపాను వార్త రాసినవారికి ఈ సంగతి రాసే అవకాశం లేదు. వారు ఎప్పుడో మరో వార్తకు వెళ్లిపోయారు. జీతం లేని స్వతంత్ర రచయితకు ఉన్న బలం ఇదే. అతను తిరిగి వెళ్లగలడు. అలాగే విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తరువాతి మంగళవారం జరుగుతుందని ప్రతి సంపాదకుడికీ తెలుసు. ఉత్సవం గురించి మామూలు వ్యాసం వారికి అవసరం లేదు. పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానుగా నిలిచే ఆ చింతచెట్టు ఏ ఊరి పొలంలో పెరిగింది, దాన్ని ఇచ్చిన కుటుంబం మరుసటి ఏడాది ఆ ఖాళీ చోటును ఎలా చూసుకుంటోంది అన్న వ్యాసం ఉత్సవానికి రెండు నెలల ముందు చేతికి వస్తే ఎవరూ కాదనరు. రెండు నెలల ముందు అన్న మాట మరిచిపోకండి. ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికలకు ఇంకా ముందుగానే రచనలు ఎంపిక చేసుకుంటారు. పండగ వారంలో పంపినది, ఎంత బాగున్నా, మరుసటి ఏడాదికే పనికొస్తుంది.

సంగతులు సరిచూసుకోవడం గురించి ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. మీ వ్యాసంలో మీ సొంత ఊరినే శ్రీకాకుళం జిల్లా అని రాశారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకీ, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకీ వెళ్లాయి. పుట్టినప్పటి నుంచీ నోటికి అలవాటైన పేరు కాబట్టి అది మీ చేతి నుంచి అలా వచ్చేసింది, అర్థం చేసుకోగలను. కాని సొంత ఊరి జిల్లా పేరే సరిగా లేకపోతే, మిగతా అంకెలను ఎవరు నమ్ముతారు? ఇంకా బాధ్యత ఎక్కువైన విషయాలు ఉన్నాయి. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి గురించి కథావస్తువుగానో వ్యాసంగానో రాయాలని ఉందని ఉత్తరం చివర రాశారు. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా ఆ వ్యాధికి కారణం ఇదేనని నిర్ధారణ కాలేదు. నీళ్ల వల్ల అనీ, పురుగుమందుల వల్ల అనీ ఎవరికి తోచినది వారు ఖాయంగా రాసేశారు. మీరు అలా రాయవద్దు. కారణం తేలలేదు అని రాయడం వల్ల వ్యాసం బలహీనపడదు. కారణం తెలియకుండానే వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు బస్సెక్కే మనిషి బతుకు ఆ ఒక్క వాక్యం వల్ల ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ మనిషి అనుమతి లేకుండా పేరూ ఊరూ రాయకూడదు. అనుమతి ఇచ్చినా, ఆ ఇంట్లో పెళ్లికాని పిల్లలు ఉంటే పేరు మార్చడం మంచిది, సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

ప్రభుత్వ లెక్కలు కావాలంటే ఎవరినో బతిమాలనక్కరలేదు. సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు రాయవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రశ్న ఎంత చిన్నదిగా, ఎంత నిర్దిష్టంగా ఉంటే జవాబు అంత పనికొచ్చేదిగా ఉంటుంది.

మన మాట రాస్తే అచ్చు వేయరన్నది నిజం కాదు. ఆ మాటను ఎక్కడ, ఎంత వాడాలన్నదే అసలు ప్రశ్న. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టినవారు. సవర భాష మాట్లాడేవారి నోటి నుంచే ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. వినడంలో ఆయన పడిన శ్రమను గుర్తుపెట్టుకుంటే మన పని తేలిక అవుతుంది. మీరు పంపిన కథలో పాత్రలన్నీ ప్రతి వాక్యంలోనూ ‘ఎలిపోనాడు, సెప్పీసినాడు’ అంటూ మాట్లాడాయి. కాని ఆ ఊరి బుగతా, అతని పొలంలో పనిచేసే కంబారీ, బడి పంతులమ్మా ఒకే యాసలో మాట్లాడరు. నిజానికి పంతులమ్మ బడిలో ఒక రకంగా, ఇంట్లో తల్లితో మరో రకంగా మాట్లాడుతుంది. మీరే అలా మాట్లాడతారని అనుకుంటున్నాను. ఆ తేడాను పట్టుకుంటే యాస కథకు పనిచేస్తుంది. ప్రతి క్రియాపదాన్నీ వంచితే మాత్రం చదువరి అక్షరాల దగ్గరే తడబడి మనిషిని మరిచిపోతాడు. గెడ్డ, బుగత, కంబారి వంటి నామవాచకాలను ధైర్యంగా రాయండి. వాటికి పక్కన అర్థం రాయవద్దు. ‘గెడ్డ పొంగి అవతలి ఒడ్డున ఉన్న బడికి రెండు రోజులు సెలవిచ్చారు’ అని రాస్తే, గెడ్డ అంటే ఏమిటో నెల్లూరు పాఠకుడికి కూడా తెలిసిపోతుంది. దిద్దేవారు బుగతను ఆసామిగా మారుస్తారన్న భయం ఉంటే, రచనతోపాటు పంపే ఉత్తరంలో ‘మాండలిక పదాలు ఉద్దేశపూర్వకంగా వాడినవి, మార్చవలసివస్తే ఒక్కసారి నాతో మాట్లాడగలరు’ అని మర్యాదగా ఒక వాక్యం రాయండి. నేను ఎప్పుడూ అలాగే రాశాను. నా మాటలు చాలావరకు నిలిచాయి.

తిరిగి రాయడం మీద మీకు ఇంకా గౌరవం కుదరలేదు. నలభై రచనలు మూడేళ్లలో పంపారంటే, ఇంచుమించు నెలకొకటి. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఆ పని చేయడం చిన్న విషయం కాదు. కాని వాటిలో ఎన్నింటిని రెండోసారి మొదటి నుంచి రాశారు? విజయనగరంలో గురజాడ వారు రాసిన కన్యాశుల్కం 1892లో నాటకంగా ఆడారు, 1897లో అచ్చయింది. అంతటితో ఆయన ఆగలేదు. దాన్ని పెంచి, మార్చి, ఇంచుమించు కొత్త నాటకం చేసి 1909లో రెండో కూర్పు వేశారు. మనం ఈనాడు చదువుకుంటున్నది ఆ రెండో కూర్పునే. మీరు పన్నెండేళ్లు ఆగనక్కరలేదు, పన్నెండు రోజులు ఆగండి. రాసినదాన్ని కళ్ల ముందు లేకుండా దాచి, తరువాత పైకి చదవండి, ఇంట్లో ఎవరికైనా వినిపిస్తే ఇంకా మంచిది. వినేవారు ఎక్కడ చూపు తిప్పుకున్నారో అక్కడ అంచున ఒక గీత పెట్టుకోండి. గీత పెట్టినచోట వాక్యం దిద్దితే సరిపోతుందా, పేరా మొత్తం తీసేయాలా అని చూడండి. పది సందర్భాల్లో ఏడెనిమిదింటిలో తీసేయడమే సరైనదని నా అనుభవం.

ఒక సెలవు రోజున, ముందుగా వేళలు కనుక్కుని, శ్రీకాకుళంలోని కథానిలయానికి వెళ్లి రండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలని నెలకొల్పినది అది. మీ ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అక్కడ పాత పత్రికలు తీసుకుని ఇరవై కథల మొదటి పేరాలు మాత్రమే చదవండి. మనిషి ఎన్నో వాక్యంలో కనిపించాడు, వాతావరణ వర్ణన ఎన్ని వాక్యాలు నడిచింది, కథలోని చిక్కు ఎప్పుడు తెలిసింది అన్నవి నోటుపుస్తకంలో రాసుకోండి. వారంపాటు వినే ఉపన్యాసాల కంటే ఆ ఒక్క పూట మీకు ఎక్కువ నేర్పుతుంది.

పంపే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. రచనను యూనికోడ్‌లో టైపు చేసి ఆ ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా జతచేయండి. చాలా పత్రికల్లో పేజీలు వేరే ఫాంట్లలో పెడతారు. మార్చేటప్పుడు వత్తులు, సంయుక్తాక్షరాలు చెదిరితే పీడీఎఫ్ చూసి దిద్దుకుంటారు. మొదటి పేజీలో పేరు, చిరునామా, ఫోను నంబరు, మొత్తం పదాల సంఖ్య ఉండాలి. ఆ పత్రిక ప్రకటించిన నిడివి ఎనిమిది వందల పదాలైతే, తొమ్మిది పేజీలు పంపడం వారిని అవమానించినట్టే. మీ వ్యాసం విషయంలో జరిగినది ఇది కూడా.

ఒకే రచనను ఒకేసారి రెండు మూడు చోట్లకు పంపవద్దు. ‘ఇది నా సొంత రచన, అనువాదమూ అనుసరణా కాదు, మరెక్కడా ప్రచురణ కాలేదు, పరిశీలనలో లేదు’ అని మీరు హామీపత్రం మీద సంతకం చేస్తున్నారు. ఆ సంతకానికి విలువ ఉంది. రెండు పత్రికలు ఒకే వారం మీ కథను వేస్తే రెండు తలుపులూ మూసుకుంటాయి. మూడు నెలలు ఆగండి. జవాబు రాకపోతే, ‘ఫలానా తేదీన పంపిన రచనను ఉపసంహరించుకుంటున్నాను’ అని రెండు వాక్యాలు రాసి, మరో పత్రికకు పంపండి. ఏ రచన ఎవరికి ఏ తేదీన పంపారో, జవాబు ఏమిటో, డబ్బు ఎప్పుడు వచ్చిందో ఒక పుస్తకంలో గళ్లు గీసుకుని రాసుకోండి. అయితే ఒకే రచనను పలుచోట్లకు పంపడం వేరు, ఒకసారి సేకరించిన సంగతులతో పలు రచనలు చేయడం వేరు. రెండోది తప్పు కాదు, స్వతంత్ర రచయితకు బతుకుదెరువే అది. పొందూరు వెళ్లివచ్చిన నోటుపుస్తకంలో నుంచి ఆదివారం అనుబంధానికి దవడ గురించి వ్యాసం, మహిళల పేజీకి వడికే ఆడవాళ్ల కూలి గురించి మరొకటి, పిల్లల పత్రికకు చేప దవడా పత్తీ అన్న చిన్న రచన, ఆకాశవాణికి ఒక ప్రసంగం, కొన్నాళ్లు ఆగితే ఒక కథ. ప్రయాణం ఒక్కటే, పనులు ఐదు.

హక్కుల సంగతి నేను దెబ్బతిని నేర్చుకున్నాను కాబట్టి దాచకుండా చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట ఒక పత్రికకు వరుసగా వ్యాసాలు రాశాను. తరువాత వారు వాటిని పుస్తకంగా వేశారు. నాకు చెప్పలేదు, రూపాయి ఇవ్వలేదు. నా పేరు అట్ట మీద లేదు, లోపల చివరి పేజీలో ఉంది. అడగడానికి వెళితే, మొదటి వ్యాసం ఇచ్చిన రోజున నేను చదవకుండా సంతకం చేసిన కాగితం చూపించారు. సర్వహక్కులూ వారికి రాసిచ్చినట్టు అందులో ఉంది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాకుండా స్వతంత్రంగా రాసినవారి రచన మీద మొదటి హక్కు రచయితదే. ఆ హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. పత్రంలో ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకేనని చట్టం భావిస్తుంది. కాబట్టి నోటిమాటతో మీ హక్కు ఎక్కడికీ పోదు, సంతకంతో పోతుంది. ఏ కాగితమైనా ఇంటికి తెచ్చుకుని చదివిన తరువాతనే సంతకం చేయండి. ‘మొదటిసారి ముద్రించుకునే హక్కు మాత్రమే ఇస్తున్నాను, పుస్తకరూపం, అనువాదం, దృశ్యరూపం హక్కులు నావే’ అన్న వాక్యాన్ని మీ చేతితో రాసి, దాని పక్కన సంతకం చేయమని నేను అందరికీ చెబుతాను. చాలామంది సంపాదకులు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, ఆ రచనకు వారు ఇచ్చే డబ్బు ఆ హక్కులన్నిటికీ సరిపోతుందా అని ఆలోచించుకుని నిర్ణయించుకోండి.

ఇప్పుడు ఉద్యోగం. మానవద్దు అని సూటిగా చెబుతున్నాను. గురజాడ వారు అధ్యాపకులుగానూ, విజయనగర సంస్థానంలోనూ ఉద్యోగం చేస్తూ రాశారు. కాళీపట్నం మాస్టారు విశాఖపట్నంలో బడిపంతులుగా జీతం తీసుకుంటూనే కథలు రాశారు. తెలుగులో కథకు వచ్చే పారితోషికం చాలాచోట్ల వందల్లో ఉంటుంది, కొన్నిచోట్ల వేయి దాటుతుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. నెలకు మీరు నాలుగు రచనలు అచ్చు వేయించుకోగలిగినా దానితో ఇల్లు గడవదు. కలాన్నే నమ్ముకుని బతికేవారు ఉన్నారు. కాని వారి ఆదాయంలో పెద్దభాగం కథల నుంచి రాదు. అనువాదాలు, సంస్థల నివేదికలు, పాఠ్యపుస్తకాల దిద్దుబాటు, డాక్యుమెంటరీలకు మాటలు, సబ్‌టైటిళ్లు వంటి పనుల నుంచి వస్తుంది. ఆ పనులు చేయడంలో చిన్నతనం లేదు, వాక్యం మీద పట్టు పెరుగుతుంది. సెలవుల్లో అటువంటి పని ఒకటి చేసి చూడండి. వరుసగా రెండేళ్లు, మీ జీతంలో సగమైనా ఈ పనుల నుంచి వచ్చినట్టు మీ గళ్ల పుస్తకం చూపించినప్పుడు మళ్లీ నాకు ఉత్తరం రాయండి, అప్పుడు ఆలోచిద్దాం. అటువంటి పనికి డబ్బు ఇచ్చేటప్పుడు, ఏడాది మొత్తం చట్టం పెట్టిన పరిమితి దాటితే పది శాతం పన్ను మినహాయిస్తారు. అది మీ పాన్ నంబరు మీద జమ అవుతుంది. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను దాఖలు చేసి తిరిగి తీసుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం మినహాయిస్తారు.

చివరిగా ఆ చెక్కు. కలం పేరు ఉంచుకోండి, బాగుంది. కాని పంపే ప్రతి రచన మీదా ‘అచ్చులో వేయవలసిన పేరు’ అని కలం పేరూ, ‘చెల్లింపుకు పేరు’ అని బ్యాంకు ఖాతాలోనూ పాన్ కార్డులోనూ ఉన్న పేరూ విడిగా రాయండి. ఖాతా నంబరు, శాఖ ఐఎఫ్‌ఎస్‌సీ కోడు కూడా ఇస్తే ఇక చెక్కుల బాధే ఉండదు. ఇప్పుడు మీ దగ్గర ఉన్న చెక్కు మీద తేదీ చూడండి. ఆ తేదీ నుంచి మూడు నెలల వరకే అది చెల్లుతుంది. ఫొటో తీసి ఉంచుకుని, అసలు చెక్కును స్పీడ్ పోస్టులో ఆ పత్రిక లెక్కల విభాగానికి తిప్పి పంపండి. కలం పేరు, అసలు పేరు, రచన పేరు, అచ్చయిన సంచిక తేదీ, ఖాతా వివరాలు ఒకే ఉత్తరంలో రాసి, అసలు పేరు మీద మళ్లీ చెల్లించవలసిందిగా కోరండి. మొహమాటపడకండి, అది మీరు పని చేసి సంపాదించుకున్న డబ్బు. ఉత్తరం రేపే వేయండి.